పెట్టెలో పొడిగా ఉన్న మీటరు

ఆ రోజు మధ్యాహ్నం రెండు ఇరవైకి నేను పెట్టె తెరిచి, పొద్దుటి నుంచి నీళ్లు తగలని రెండో మీటరు తీసి, అప్పన్న ఎడమ ముంజేతికి కట్టాను. అది తప్పు. ఎవరూ నాచేత చేయించలేదు. పై అధికారి పక్కన లేడు. నిర్ణయం నాది, కట్టిన చేతులు నావి.

మా తొర్రూరులో ఇప్పటికీ అడుగుతుంటారు, "మిలిట్రీల ఏం చేసినవే?" అని. మంచు గురించి చెబుతాను. కొండల మీద వంతెనలు వేసిన సంగతి చెబుతాను. గోదావరి సంగతి మాత్రం దాటవేస్తాను. మన జిల్లాలోనే జరిగింది కాబట్టి చెప్పడం మరీ కష్టం. ఇప్పుడు చెబుతున్నాను.

ఎనభైల చివరి సంవత్సరాలు. అక్టోబరు నెల. మా ఇంజనీర్ల రెజిమెంటు నుంచి ఆరుగురం బయల్దేరాం. ఒక ట్రక్కు, ఒక జీపు. ములుగు దాటాక అడవి మొదలైంది. ఏటూరునాగారం చేరేసరికి సాయంత్రం నాలుగు. అక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు మట్టి బాట. ట్రక్కు రెండుసార్లు దిగబడింది. ఐదున్నరకు ఇసుక మీద టెంట్లు వేశాం. వర్షాలు ఆగిపోయాయి. నీళ్లు తగ్గుతున్నాయి, కానీ రంగు ఇంకా ఎర్రగానే ఉంది. అవతలి వైపు నల్లటి బండ ఒకటి నీళ్లలోకి చొచ్చుకొని ఉంటుంది. దాని కింద మడుగు. మడుగు అడుగున లాంచీ.

పది రోజుల కిందట ఆ లాంచీ బండకు కొట్టుకొని మునిగింది. ఎక్కినవాళ్లంతా ఈదుకొని బయటపడ్డారు. లాంచీ నడిపే సర్వర్ అనే అతను మాత్రం పైకి రాలేదు. దిగువన వెతికారు. దొరకలేదు. లాంచీలోనే ఉండి ఉంటాడని అనుకున్నారు. అతన్ని పైకి తీయాలి. మాకిచ్చిన ఆర్డరు అంతే.

మా జట్టుకు పెద్ద సుబేదార్ సాబ్. గఢ్వాల్ మనిషి. తక్కువ మాట్లాడేవాడు. నేను హవల్దారుని. సామాను నా పేరు మీద ఉండేది. నీళ్లలో మునిగేవాడు లాన్స్ నాయక్ అప్పన్న. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డువాడు, చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్లవాడు. అవసరమైతే వెనకాలే దిగడానికి ఒక సాపర్, అంటే మా ఇంజనీర్ల జవాను, రేడియో ఆపరేటర్ ఒకడు, డ్రైవరు ఒకడు. నేను కూడా డైవర్నే, నీళ్లలో మునిగేవాణ్నే. ఆ వారం జలుబుతో చెవులు మూసుకుపోయి ఉన్నందువల్ల దిగే వీలు లేకపోయింది. తాడు నేను పట్టుకోవాలి. తాడు ఒక కొన అప్పన్న నడుముకు, రెండో కొన నా చేతికి. ఒక లాగు, బాగున్నాను. రెండు లాగులు, తాడు వదులు. నాలుగు లాగులు, పైకి రా.

మీటర్ల సంగతి చెప్పాలి. అవి డైవ్ కంప్యూటర్లు. అప్పుడప్పుడే విదేశాల నుంచి వచ్చాయి. పనికొస్తాయో లేదో చూడమని మాకు రెండు ఇచ్చారు. అరచేతిలో పట్టేంత డబ్బా, పట్టీతో చేతికి కట్టుకోవాలి. ఎంత లోతులో ఉన్నావు, ఎంతసేపు ఉన్నావు, ఇంకెంతసేపు ఉండవచ్చు, పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలి, అన్నీ అదే లెక్కగట్టి అంకెల్లో చూపిస్తుంది. అంతకు ముందు ఈ పనికి మా దగ్గర గడియారం, లోతు చూపే మీటరు, లెక్కల పట్టిక అచ్చువేసిన ప్లాస్టిక్ రేకు ఉండేవి.

మొదటి రాత్రి భోజనాల ముందు సుబేదార్ సాబ్ సామానంతా టార్పాలిన్ మీద పరిపించాడు.

"రెండో కంప్యూటర్ దేనికి?" అని హిందీలో అడిగాడు.

"స్పేర్, సాబ్."

"స్పేర్ అయితే అది కూడా అప్పన్నతోనే దిగాలి. వాడికి రెండు చేతులున్నాయి."

"రెండూ కింద పోతే సాబ్? సంతకం నాది. ఒకటి పెట్టెలో భద్రంగా ఉండనీయండి."

అప్పన్న పక్కనే సిలిండర్ తుడుస్తున్నాడు. నవ్వాడు. "మా యమ్మ కూడా అంతే సాబ్. కొత్త స్టీలు పల్లేలు అటక మీదెట్టీసి, మాకు సొట్ట కంచాల్లో యెట్టీది."

నాకు కోపం రాలేదు. నిజమే మరి. మా ఇంట్లోనూ అంతే. ఫౌజులోనూ అంతే. స్టోరులో స్పేర్ అంటే సీలు విప్పనిది. తనిఖీకి వచ్చిన అధికారికి కొత్తగా కనబడాలి. పద్నాలుగేళ్లు అలాగే చేశాను. వాడని వస్తువును చూసుకుంటే నాకు ధైర్యం.

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగాడు. "సరే, పెట్టెలో పెట్టుకో. కానీ అది స్పేర్ కాదు. స్పేర్ ఇదిగో." గడియారం, లోతు మీటరు, ప్లాస్టిక్ రేకు నా చేతిలో పెట్టాడు. "కంప్యూటర్ ఆగిపోతే ఈ రేకు చూడు. రేకు ఏం చెబితే అది."

రేకు చొక్కా జేబులో పెట్టుకున్నాను. గడియారం పట్టీ తెగిపోయి ఉంది. తర్వాత కుడదామనుకున్నాను. కుట్టలేదు.

*

మరునాడు పొద్దున్న లేచేసరికి ఒడ్డున జనం. వాళ్లకు కాస్త ఎడంగా, పరదా గుడ్డ కట్టిన నీడలో ఒక నడివయసు ఆడమనిషి కూర్చొని ఉంది. సర్వర్ అక్క, హబీబా. హనుమకొండలో బీడీలు చుట్టి తమ్ముణ్ని పెంచి పెద్ద చేసింది. పది రోజులుగా అక్కడే ఉంటోందని ఊరివాళ్లు చెప్పారు.

టీ గ్లాసు పట్టుకొని ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"తొర్రూరక్కా."

"హాయ్ అల్లా, మన పోరడే! నేను ఢిల్లీ నుంచి వచ్చిండ్రనుకున్న." కళ్లు తుడుచుకుంది. "ఇంత మంది మిలిట్రీ వచ్చిండ్రు, గిన్ని డబ్బాలు దింపిండ్రు. మనిషిని తీసుడు ఎంత సేపు?"

"జర టైం పడ్తదక్కా. కింద డెబ్బై అడుగులున్నది. అంత లోతుల శానసేపు ఉండరాదు."

"గాలి డబ్బా ఉన్నదిగద."

"గాలితోనే తిప్పలు. లోతుల పీల్చిన గాలి నెత్తుట్ల కలుస్తది. గోలీ సోడా ఉంటది చూడు, గోలీ నూకంగనే ఎట్ల పొంగుతది? మనిషి ఉరికి పైకొస్తే పెయ్యి లోపల అట్లనే పొంగుతది. మెల్లగ రావాలె. ఆగి ఆగి రావాలె."

ఆమె తల ఊపింది. అర్థమైంది. నేనే చెప్పాను. నాకంతా తెలుసు. ఈ మాట గుర్తుంచుకొమ్మని చదివేవారిని కోరుతున్నాను.

పదకొండున్నరకు అప్పన్న దిగాడు. కంప్యూటర్ కుడి చేతికి ఉంది. ఎడమ చెయ్యి ఖాళీ. నలభై ఐదు నిమిషాలు అడుగున ఉన్నాడు. నీళ్లలో చెయ్యి చాస్తే వేళ్లు కనబడవు. తడుముకుంటూ క్యాబిన్ దగ్గరికి వెళ్లాడు. తలుపుకు ఇసుక అడ్డం పడి ఉంది. చేతులతో తోడాడు. పైకి వస్తూ కంప్యూటర్ చెప్పిన చోట ఆగాడు. నేను తాడు పట్టుకొని లెక్కపెట్టాను. అంతా పద్ధతిగానే జరిగింది.

రబ్బరు పడవ అంచు పట్టుకొని మాస్క్ తీశాడు. ముఖం తెల్లబోయి ఉంది.

"ఉన్నాడన్నా."

"చూసినవా?"

"సూడ్డానికేటి కనపడద్ది? కిటికీలోంచి సెయ్యెట్టాను. సక్రం తగిలింది. సక్రం మీద ఆయన సెయ్యి. ఒదల్నేదు."

ఒడ్డుకు వచ్చాక ఆ మాట నేనే హబీబా అక్కకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె లేచి నిలబడింది. నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"దొరికిండా? ఇయ్యాల తెస్తవా బిడ్డా? పదొద్దులైంది. మట్టి పడలే వానికి. మా ఓళ్లు ఖబర్ తవ్వి పెట్టిండ్రు."

చుట్టూ నా భాష మాట్లాడే మనుషులు. అందరూ నా వైపే చూస్తున్నారు. పద్నాలుగేళ్లుగా ఎక్కడెక్కడో పని చేశాను. సొంత జిల్లా మనుషుల ముందు యూనిఫాంలో నిలబడటం అదే మొదటిసారి. ఆ చూపులకు ఛాతీ విరుచుకుంది.

"పొద్దు గూకకముందే తెస్తక్కా. నాది జిమ్మా."

ఎవరు ఇమ్మన్నారు ఆ మాట? ఎవరూ ఇమ్మనలేదు.

*

సుబేదార్ సాబ్ జీపు తనే నడుపుకుంటూ ఏటూరునాగారం వెళ్లాడు, కంప్రెసర్‌కు డీజిల్ కోసం. వెళ్తూ, రెండోసారి దించాలంటే ముందు రేడియోలో తనతో మాట్లాడమన్నాడు.

రెండు గంటలకు అప్పన్న కంప్యూటర్ తీసి చూశాను. అద్దం లోపల నీటి చుక్క. అంకెలు సగం వెలిగి ఆరిపోయాయి. తట్టాను. ఎండలో పెట్టాను. తెర నల్లగా ఉండిపోయింది.

అప్పుడు చేయాల్సిన పని చిన్నది. జేబులోంచి రేకు తీయాలి. డెబ్బై అడుగులు, నలభై ఐదు నిమిషాలు, మధ్యలో రెండు గంటల విరామం. మూడు గడులు చూసుకుంటే చాలు. ఆ రేకు నేను తర్వాత చాలాసార్లు చూశాను. ఆ గడులు నాకు కంఠతా వచ్చు. అదే లోతుకు మళ్లీ దిగితే ఆగకుండా పైకి రావాలంటే అడుగున పన్నెండు నిమిషాలే. అంతకు మించితే దారిలో నిలిపి, ఒంట్లో చేరిన గాలిని బయటికి పోనివ్వాలి. పన్నెండు నిమిషాల్లో ఇసుక తోడి తలుపు తీసి మనిషిని తేవడం అయ్యే పని కాదు. రేపటికి వాయిదా వేయాలి, లేదా పైకి వచ్చేటప్పుడు చాలాసేపు ఆపాలి.

నేను పెట్టె తెరిచాను. రెండో కంప్యూటర్ పాలిథిన్‌లో చుట్టి ఉంది. విప్పి, ఆన్ చేశాను. అది శుభ్రంగా వెలిగింది. అప్పన్న దానితో ఒక్కసారీ దిగలేదు. దాని లెక్కలో అప్పన్న పొద్దున్న నిద్ర లేచి, ఒడ్డున కూర్చున్న మనిషి. ఆ లోతులో నలభై నిమిషాలకు పైగా ఉండవచ్చని చూపించింది.

ఆ అంకె చూసి నాకు సంతోషం వేసింది. ఇది ఇక్కడ దాచను. నాకు తెలియక కాదు. తెలుసుకోవాలని అనిపించలేదు. నాకు కావలసిన జవాబు వచ్చింది. ఇంక అడగాల్సింది ఏముంది?

పట్టీ కడుతుంటే అప్పన్న దాని వంక చూశాడు.

"అన్నా, ఇది పొద్దున నాతో దిగనేదు గదా. దీనికి పొద్దుట సంగతి ఎలా తెలుస్తాది?"

"అది కంప్యూటర్‌రా. దానికన్నీ తెలుసు."

"మరేటో. నువ్వు సెప్తే సరే."

రేడియో ఆపరేటర్ తల తిప్పాడు. "సుబేదార్ సాబ్‌ను పిలవనా?"

"డీజిల్ దగ్గర ఉంటడు. వచ్చినంక చెబుదాం."

"సాబ్ ముందే మాట్లాడమన్నాడు."

"నేను చెప్తున్న కద."

అతను హెడ్‌ఫోను మెడలోకి జార్చుకున్నాడు. రెండు ఇరవై ఐదుకు అప్పన్న నీళ్లలోకి వెళ్లాడు. ఒక లాగు. బాగున్నాను.

నలభై నిమిషాలు. తాడు నా అరచేతిలో కదులుతూనే ఉంది. ఇసుక తోడుతున్నాడు, తలుపు గుంజుతున్నాడు, మళ్లీ ఇసుక. ఒంటిని అంత కష్టపెడితే గాలి ఇంకా ఎక్కువగా చేరుతుంది. అదీ నాకు తెలుసు. మూడు దాటాక రెండు లాగులు వచ్చాయి. తాడు వదిలాను. తర్వాత నాలుగు లాగులు, బరువు తెలిసింది. ఇద్దరి బరువు. నేనూ సాపరూ కలిసి లాగాం. అప్పన్న ఎక్కడా ఆగకుండా పైకి వచ్చాడు. కంప్యూటర్ ఆగమనలేదు.

సర్వర్‌ను టార్పాలిన్‌లో చుట్టి ఒడ్డుకు చేర్చాం. హబీబా అక్క ముఖం చూడలేదు, మేం చూడనివ్వలేదు. చొక్కా కొన పట్టుకొని చూసింది. పై గుండీ ఎర్ర దారంతో కుట్టి ఉంది. "నేను కుట్టిందే," అంది. వాళ్ల మనుషులు ఎత్తుకున్నారు. ఆమె రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, తడి రబ్బరు సూటులో ఇసుక మీద కూర్చున్న అప్పన్న తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు కొడుకా."

అప్పన్నకు తెలంగాణ మాట సరిగ్గా పట్టుబడదు. కానీ తల వంచాడు.

నేను ఒడ్డున నిలబడి జనాన్ని చూశాను. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకొని ఊపాడు. నా జీవితంలో ఆ పది నిమిషాలు అందరికంటే పెద్దవాణ్ని నేనే.

*

మొదట భుజం దురద అన్నాడు. సూటు ఒరుసుకుంది కాబోలు అనుకున్నాం. టీ తాగాడు. డ్రైవరు బీడీ ఇస్తే రెండు పీల్పులు పీల్చి పారేశాడు.

"నడుం సుట్టూ ఎవుడో బెల్టు బిగించీసినట్టుందన్నా."

"బరువు లేపినవ్ కద. పండుకో."

పడుకున్నాడు. కాసేపటికి లేవబోయాడు. లేవలేకపోయాడు. మోచేతుల మీద ఒళ్లు పైకెత్తి తన కాళ్ల వైపు చూశాడు. ఎవరివో కాళ్లు తన పక్కన పడేసిపోయినట్టు చూశాడు.

నేను అతని కాళ్ల దగ్గర కూర్చున్నాను. సూటు కత్తిరించాం. కుడి పాదం చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు పట్టుకొని గట్టిగా నొక్కాను. గోరు తెల్లగా అయ్యేదాకా నొక్కాను.

అప్పన్న నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు.

"నొక్కన్నా. ఏటి ఆగిపోయినావు?"

సాపర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా వేళ్లు ఇంకా ఆ బొటనవేలి మీదే ఉన్నాయి.

నాలుగింటికి జీపు వచ్చింది. రేడియో ఆపరేటర్ అప్పటికే పిలిచేశాడు. సుబేదార్ సాబ్ పరుగెత్తుకొని వచ్చి, అప్పన్నను చూసి, అతని ఎడమ చెయ్యి చూశాడు.

"రెండోసారి ఏది కట్టావు?"

"పెట్టెలోది, సాబ్."

నా చొక్కా జేబులో వేలు పెట్టి ప్లాస్టిక్ రేకు బయటికి తీశాడు. ఒక్కసారి చూశాడు. మళ్లీ నా జేబులోనే పెట్టాడు. గుండీ పెట్టాడు.

ఇలాంటి మనిషిని బాగుచేయడానికి ఇనుప గది కావాలి. మనిషిని లోపల పడుకోబెట్టి, మళ్లీ లోతులో ఉన్నంత ఒత్తిడి పెట్టి, గంటల తరబడి మెల్లగా తగ్గిస్తారు. అది విశాఖపట్నంలో ఉంది. ముందు వరంగల్ తీసుకెళ్లాం. దవాఖానలో డాక్టరు నిజాయితీగా చెప్పాడు, పుస్తకంలో చదవడమే గానీ చూడలేదని. ఆక్సిజన్ పెట్టి, రెండు సిలిండర్లు ట్రక్కులో ఎక్కించి పంపాడు. మరునాడు మధ్యాహ్నం దాటాక అప్పన్న ఆ ఇనుప గదిలోకి వెళ్లాడు. ఆలస్యమైంది. నడుం నొప్పి పోయింది. కాళ్లు రాలేదు.

దారి పొడుగునా అతను నన్ను ఒక్కమాట అనలేదు. ఒకచోట మాత్రం, "అన్నా, సిలిండర్ దొర్లిపోతంది, పట్టుకో," అన్నాడు.

*

విచారణలో ఒక మేజర్ అడిగాడు, ఏం జరిగిందని. "యంత్రం చెడిపోయింది, సార్," అన్నాను. అబద్ధం కాదు. మొదటి యంత్రం నిజంగానే చెడిపోయింది. ఏ యంత్రమో నేను విడదీసి చెప్పలేదు. అప్పన్నను ఆసుపత్రి మంచం మీదే అడిగితే అతను కూడా అదే అన్నాడు, "మిషను పాడైపోనాది సాబ్. హవల్దార్ అన్న తప్పేం నేదు." నన్ను కాపాడాలని అన్నాడు. సుబేదార్ సాబ్ తనకు తెలిసినది చెప్పాడు, కానీ ఆయన ఆ సమయంలో అక్కడ లేడు. రెండు కంప్యూటర్లూ లోపమున్నవని మూటగట్టి పంపించేశారు. నాకు సెలవు ఇచ్చారు.

తొర్రూరు వచ్చాను. అన్నం సహించలేదు. నాలుగో రోజు బస్సెక్కి హనుమకొండ వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె నోట ఒక మంచి మాట వినాలని వెళ్లి ఉంటాను.

హబీబా అక్క గుమ్మం దగ్గర చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పీట వేసింది. చాయ్ ఇచ్చింది.

"ఆ పిల్లగాడు ఎట్లున్నడు? మా తమ్మున్ని తెచ్చినోడు?"

చెప్పాను. కాళ్లు పోయిన సంగతి. తర్వాత, ఎవరూ అడగకుండానే, మిగతాది కూడా చెప్పాను. పొడి మీటరు సంగతి. రేకు తీయని సంగతి.

ఆమె చేతిలోని ఆకు అట్లాగే ఉండిపోయింది.

"నువ్వే చెప్పినవ్‌గద బిడ్డా, సోడా బుడ్డి ముచ్చట."

"చెప్పిన అక్కా."

"మరి ఎందుకు పంపినవ్?"

"నువ్వు ఇయ్యాల్నే తెమ్మన్నవ్. నేను మాటిచ్చిన..."

"నేను అడుగుత. ఎందుకడగ? నా తమ్ముడు వాడు. నేను రోజూ అడుగుత, రాత్రీ అడుగుత." గొంతు పెరగలేదు. "కానీ మా సర్వర్ సచ్చినోడు బిడ్డా. ఒక్కొద్దు ఆగుతుండె. బతికున్నోన్ని ఎందుకు తొందరపెట్టినవ్?"

చాయ్ చల్లారిపోయింది. ఆమె మళ్లీ ఆకు మడవడం మొదలుపెట్టింది. కొంతసేపటికి, "తాగు," అంది. తాగాను.

సెలవు ఇంకా ఉంది. తిరిగి యూనిట్‌కు వెళ్లి మేజర్ ముందు నిలబడ్డాను. ఆగిపోయిన యంత్రం ఏది, కట్టిన యంత్రం ఏది, రేకు ఎక్కడ ఉంది, రేడియో ఆపరేటర్ ఏమన్నాడు, నేను ఏమన్నాను, వరసగా చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నాడు.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా, హవల్దార్?"

"ఇంకో జట్టు కూడా స్పేర్‌ను పెట్టెలో దాస్తుంది, సార్. అది చెడిపోలేదు. దానికి అప్పన్న ఎవరో తెలియదు. అంతే."

చేతి మీది హవల్దారు హోదా పట్టీలు పోయాయి. ఆ తర్వాత మా డైవర్లకు కొత్త ఆర్డరు వచ్చింది. స్పేర్ కంప్యూటర్ మొదటిసారి నుంచీ అదే మనిషి రెండో చేతికి ఉండాలి, దిగిన ప్రతిసారీ దిగాలి. ఒక మనిషిది ఇంకో మనిషికి కట్టకూడదు. పొడిగా ఉన్నదాన్ని నమ్మకూడదు. సుబేదార్ సాబ్ నా గదికి వచ్చి ఆ ఆర్డరు చదివి వినిపించి వెళ్లాడు.

పెన్షనుకు సరిపడా ఏళ్లు పూర్తి చేసి బయటికి వచ్చాను. అన్నదమ్ములు పత్తి చేను చూసుకొమ్మన్నారు. కొన్నాళ్లు చూశాను. బావి దగ్గరికి పోతే చాలు, ఒకటే కనబడేది. ఆ మధ్యాహ్నం అప్పన్న పైకి వచ్చిన క్షణం. ఎర్ర నీళ్లలోంచి ముందుగా తల రాలేదు. ఎడమ ముంజెయ్యి వచ్చింది. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, నేను చదవడానికి వీలుగా ఎత్తి పట్టుకున్నాడు. అంతా సరిగ్గా ఉందని చూపిస్తున్నాడు. నేను బొటనవేలు పైకెత్తాను. నీళ్లు కారుతున్న ఆ చెయ్యి ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. దించదు.

ఒకరోజు సంచి సర్దుకొని శ్రీకాకుళం బస్సెక్కాను.

అప్పన్న ఇల్లు సముద్రానికి దగ్గర. అరుగు మీద కూర్చొని వల అల్లుతున్నాడు. భుజాలు బలిశాయి. కాళ్లు సన్నబడ్డాయి. నన్ను చూసి వల పక్కన పెట్టలేదు.

"ఏటన్నా, సూసి పోదామనొచ్చినావా?"

"పనికొచ్చిన."

"ఎన్నాళ్లు?"

"నువ్వు పొమ్మనేదాక."

"తెల్లారగట్ల పడవ లాగాల. మీ వరంగల్లోళ్లకి సముద్రం ఊపు తెలీదు, కక్కుకుంటావు."

కక్కుకున్నాను. అందరూ నవ్వారు. అతని తమ్ముళ్లతో కలిసి పడవ లాగాను. వల మోశాను. వాళ్ల అమ్మకు వయసు మీద పడింది. అప్పన్నకు స్నానం నేనే చేయించేవాణ్ని. వేణ్నీళ్లు ముందు నా మోచేత్తో చూసుకోవాలి, అతనికి కాలినా తెలియదు కాబట్టి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మందులకు పెన్షను డబ్బు సరిపోయేది. ఎండిన చేపల వాసన నా చర్మానికి పట్టింది. ఊళ్లో నన్ను "తెలంగాణ అన్న" అనేవారు. మూడేళ్లు అట్లా గడిచాయి.

ఒక సాయంత్రం అప్పన్న అన్నాడు, "ఇంక ఎల్లన్నా. సిన్నోడు ఎదిగాడు, సూసుకుంటాడు. నువ్వు నా దగ్గర సేసిన కాడికి సేశావు. నీ మొకం సూత్తే నాకు మాత్రలు గుర్తొస్తన్నాయి."

నవ్వాను. సంచి సర్దుకున్నాను. తెల్లవారి బస్సు. వెళ్లేముందు అరుగు మీద అతని పక్కన కూర్చున్నాను. మూడేళ్లలో చెప్పని మాట ఒకటి మిగిలిపోయింది. చెప్పాను.

"ఆ రోజు రెండో మీటర్ల అంకె చూసి నేను సంతోషపడ్డ, అప్పన్నా. తెలియక కాదు. సంతోషపడ్డ."

అతను అల్లిక ఆపలేదు. సముద్రం వైపు చూశాడు.

"నాకు తెలుసన్నా. నీ మొకంలో సూశాను. నాకు బయమేసినాది. నీ మొకం సూసే దిగాను."

బస్సు హారన్ రోడ్డు మీద వినబడింది. అప్పన్న తమ్ముడు వచ్చి, "అన్నా, బస్సొచ్చేసింది," అన్నాడు.

నేను లేచి, సంచి మళ్లీ దూలానికి తగిలించాను. అప్పన్నను పక్కకు తిప్పే వేళయింది. భుజం కింద చెయ్యి వేశాను.

"ఏటి, ఎల్లవా?" అన్నాడు.

"ముందు తిరుగు," అన్నాను.